చుక్కలా కనిపించే క్వేజార్

దూరపు గెలాక్సీ నడుమ బ్లాక్‌హోల్ పదార్థాన్ని మింగుతుంటే వెలిగేదే క్వేజార్. త్రీ సీ 273 అనే క్వేజార్‌ని చూడటానికి 8 అంగుళాల టెలిస్కోప్ చాలు. వెన్నెల లేని ఏప్రిల్ రాత్రి, కన్యారాశిలోని ఈటా నక్షత్రం నుంచి ఈశాన్యంగా మూడున్నర డిగ్రీలు జరపండి. 150 రెట్లు పెంచితే వెనక ఆకాశం నల్లబడి చుక్క తేలుతుంది. 14వ మాగ్నిట్యూడ్ (చుక్కల వెలుగు కొలత; అంకె పెరిగేకొద్దీ చుక్క మసక) దాకా చూపే మ్యాప్ లేకపోతే పక్క చుక్కనే క్వేజార్ అనుకుంటాం, చూపుకి రెండూ ఒకటే మరి. తేడా అంతా వర్ణపటంలో ఉంది: 4861 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగదైర్ఘ్యం కొలత) దగ్గరుండాల్సిన హైడ్రోజన్ గీత 5630 దగ్గరికి జరిగిపోయింది, అంటే అది మామూలు నక్షత్రం కాదు, ఎంతో దూరంలో ఉందన్నమాట. 1963లో ఖగోళ శాస్త్రవేత్త మార్టెన్ ష్మిట్ పట్టుకున్నది దీన్నే. దాదాపు 200 కోట్ల ఏళ్ల నాటి వెలుగు కంట్లో పడుతుంటే ఒళ్లు జలదరిస్తుంది!

ఇప్పటిదాకా తెలిసిన క్వేజార్లలో అత్యంత ప్రకాశవంతమైన జే0529-4351 కూడా 1980 నాటి ఆకాశం ఫొటోలోనే ఉంది. అంత వెలుగున్నది క్వేజార్ కాదేమోనని కంప్యూటర్ దాన్ని నక్షత్రాల్లో కలిపేసింది. 2024లో అసలు సంగతి ప్రకటించారు: రోజుకో సూర్యుడంత పదార్థం మింగే బ్లాక్‌హోల్, సూర్యుడికి 500 లక్షల కోట్ల రెట్ల వెలుగు.