పార్ట్ సి కోసం ఒక్క జీన్‌ని మొత్తం చదివినా: నా నెట్ ప్రిపరేషన్

ఫ్రెండ్స్, సీఎస్ఐఆర్ నెట్ (రీసెర్చ్ ఫెలోషిప్, లెక్చరర్ అర్హత పరీక్ష) లైఫ్ సైన్సెస్‌కి తిరుపతిలో రూమ్ తీసుకుని సొంతంగా చదివేవాళ్ల కోసం రాస్తా ఉన్నా. పార్ట్ సి లో 75 ప్రశ్నల్లో 25 చేయాల, ఒక్కోటి 4 మార్కులు, తప్పయితే 25 శాతం కట్. ఫస్ట్ అటెంప్ట్‌లో నాకు దెబ్బ పడింది అక్కడే.

ఒక మాక్ టెస్ట్‌లో రక్తంలో తిరిగే న్యూట్రోఫిల్ (ఒక రకం తెల్ల రక్తకణం) నుంచి ఆర్ఎన్ఏ తీసి నార్తర్న్ బ్లాట్ (ఒక జీన్ ఎంఆర్ఎన్ఏ ఉందా లేదా చూసే పరీక్ష) చేస్తే, ప్రొటీన్లని కోసే ఎంజైమ్ ఎలాస్టేజ్‌ది బ్యాండ్ కనపడతాదా అని అడిగినారు. ఎంజైమ్ కణం నిండా ఉంది కదా, బ్యాండ్ గట్టిగా వస్తాదని టిక్ పెట్టేసినా. తప్పు! ఆ జీన్ ఎముక మజ్జలో ప్రోమైలోసైట్ అనే, కణం ఇంకా ఎదగని దశలోనే గట్టిగా పనిచేసి, తర్వాత ఆగిపోతాది, తయారైన ఎంజైమ్ అజురోఫిల్ గ్రాన్యూల్స్ అనే చిన్న సంచుల్లో దాచిపెట్టుకుని కణం రక్తంలోకి వస్తాది. ప్రొటీన్ ఉంటే ఎంఆర్ఎన్ఏ కూడా ఉండాలని నేను అన్నేళ్లు అనుకుంటా ఉన్నా.

ఆ రోజు బైరాగిపట్టెడ రూమ్‌లో పాత టీటీడీ క్యాలెండర్ షీటు వెనక్కి తిప్పి ఈ ఎలాస్టేజ్‌ని తయారుచేసే ఎలేన్ (ELANE) జీన్ గీసినా. 19వ క్రోమోజోమ్ పొట్టి చేతి చివర, 4 కిలోబేస్‌ల చోటులో 5 ఎగ్జాన్లు (ప్రొటీన్ కోడ్ ఉండే ముక్కలు), 4 ఇంట్రాన్లు (మధ్యలో కత్తిరించి తీసేసే ముక్కలు). ఎంజైమ్ కోత పని చేసే మూడు అమైనో ఆమ్లాల్లో హిస్టిడిన్ రెండో ఎగ్జాన్‌లో, ఆస్పార్టేట్ మూడోదాంట్లో, సెరీన్ ఐదోదాంట్లో, ఎర్ర పెన్సిల్‌తో చుట్టినా. డీఎన్ఏ మీద దూరదూరంగా ఉన్న ఆ మూడూ ప్రొటీన్ మడత పడినాక ఒకే చోట చేరి పెప్టైడ్ బంధాన్ని కోస్తాయని చూస్తే నాకు నిజంగా ఒళ్లు జలదరించింది. ప్రమోటర్ (జీన్ మొదలయ్యే స్విచ్ భాగం) దగ్గర అక్కడ అతుక్కుని జీన్‌ని ఆన్ చేసే ప్రొటీన్లు పీయూ.1, సీ/ఈబీపీ, సీ-మిబ్ రాసుకున్నా, మూడూ కలిస్తేనే జీన్ బాగా నడుస్తాది, అందుకే లివర్ కణంలో సీ/ఈబీపీ ఉన్నా ఎలాస్టేజ్ రాదు అని నాకు అప్పుడు అర్థమైంది.

అక్కడి నుంచి ఒక్కో యూనిట్‌కీ ఒక గీత పోతా వచ్చింది. ఎలాస్టేజ్‌ని అడ్డుకునే రక్త ప్రొటీన్ ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్‌లో 358వ మెథియోనిన్ని సిగరెట్ పొగ ఆక్సిడైజ్ చేస్తే ఎలాస్టేజ్‌ని ఆపలేక ఊపిరితిత్తులు చెడిపోవడం, ఇదే జీన్ మ్యుటేషన్లతో సుమారు 21 రోజులకోసారి న్యూట్రోఫిల్స్ పడిపోయే సైక్లిక్ న్యూట్రోపీనియా, అన్నీ ఆ షీటు మీదే. బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, ఇమ్యునాలజీ నోట్సులు విడివిడిగా తిరగేసే పని తగ్గిపోయింది. మీరు కూడా చూసి గీయొద్దు, పుస్తకం మూసి గీయండి, ఆగిన చోట తెరవండి.

రెండో అటెంప్ట్‌లో క్వాలిఫై అయినా. షీటు నా జూనియర్ అమ్మాయి తీసుకుపోయింది, న్యూట్రోఫిల్‌లోనే ఉండే ఇంకో ఎంజైమ్ మైలోపెరాక్సిడేజ్ జీన్‌ని, 17వ క్రోమోజోమ్ మీద 12 ఎగ్జాన్లతో, పక్కనే గీయమని చెప్పినా.