కౌంటీ జోస్యం చెప్పేముందు ఏడో పేసర్ ఎవరో చూడండి

ఏప్రిల్ దగ్గరపడుతుంటే ఇంగ్లండ్‌లో కౌంటీ జట్లు నాలుగు రోజుల మ్యాచ్‌లు ఆడే కౌంటీ ఛాంపియన్‌షిప్ జోస్యాలు మొదలవుతాయి. కొత్తగా ఎవరు చేరారు, ఏ ఓపెనర్ ఊపు మీదున్నాడు అని ఆరా తీసి అందరూ తలో టేబుల్ వేసేస్తారు. సెప్టెంబర్ వచ్చేసరికి సగం తలకిందులవుతాయి. కారణం చాలాసార్లు ఒకటే. జట్టులో మొదటి ముగ్గురు పేసర్లను చూసి అంకెలు వేస్తారు గానీ, ఐదో వాడు, ఆరో వాడు, ఏడో వాడు ఎవరని అడగరు.

చిన్న లెక్క వేద్దాం. ఛాంపియన్‌షిప్‌లో రెండు డివిజన్లు, డివిజన్ ఏదైనా ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు. ఒక్కోటి నాలుగు రోజులు, రోజుకు 96 ఓవర్లు, అంటే నిండుగా ఆడితే 384. వానకు కొంత, త్వరగా ముగిసే మ్యాచ్‌లకు కొంత పోగా 300 మిగులుతాయనుకోండి. అందులో మన జట్టు వేయాల్సింది సగం, 150. ఏప్రిల్, మే నెలల్లో స్పిన్నర్ చేతికి బంతి రావడమే గగనం కాబట్టి వీటిలో 115 నుంచి 120 ఓవర్లు పేసర్ల నెత్తినే పడతాయి. నలుగురు పంచుకుంటే తలా 30. సీజన్ మొత్తానికి 56 పేసర్ స్థానాలు నింపాలి, దాదాపు 1,600 ఓవర్లు వేయించాలి.

ఒళ్లు బాగున్న మంచి పేసర్ 14కి 14 ఆడడు. తొమ్మిది ఆడితే గొప్ప. ఆరుగురూ తలా తొమ్మిది ఆడినా 54 స్థానాలే నిండుతాయి, ఇంకా రెండు ఖాళీ. అదీ ఆరుగురిలో ఒక్కడికీ గాయం కాకుండా, ఇంగ్లండ్ సెలక్టర్లు ఎవరినీ పిలవకుండా ఉంటే. ఏడో పేసర్ లేని జట్టుకు టైటిల్ రాసివ్వకూడదనేది అందుకే.

ఈ లెక్కలో పేర్లకు విలువ కట్టడమే అసలు పని. ఇంగ్లండ్ సెంట్రల్ కాంట్రాక్టు ఉన్న పేసర్‌ను జట్టు జాబితాలో చూసి మురిసిపోవద్దు. అతను ఎన్ని మ్యాచ్‌లు ఆడాలో, ఒక్కోసారి రోజుకు ఎన్ని ఓవర్లు వేయాలో కూడా బోర్డు చెబుతుంది. 2026 వేసవిలో జూన్‌లో న్యూజిలాండ్‌తో మూడు టెస్టులు, ఆగస్టు, సెప్టెంబర్‌లలో పాకిస్థాన్‌తో మూడు టెస్టులు ఉన్నాయి. అలాంటి బౌలర్‌కు మూడు, మహా అయితే నాలుగు మ్యాచ్‌లు వేసుకోండి. ముప్పై నాలుగు దాటిన నమ్మకస్తుడికి పది వేయొచ్చు, కానీ వరసగా మూడు వారాలు ఆడించారా, నాలుగో వారం బంతిలో జీవం ఉండదు. ఇరవై రెండు దాటని కుర్రాడికి ఐదారు. ఎర్ర బంతికి, అంటే టెస్టుల్లాంటి రోజుల తరబడి ఆటకు, దూరంగా ఉంటానన్న వాడికి సున్నా. సర్రే పేసర్ జేమీ ఓవర్టన్ 2025 సెప్టెంబర్‌లో ఎర్ర బంతి క్రికెట్‌కు నిరవధిక విరామం ప్రకటించాడు. ఇలాంటి పేరును జాబితాలో ఉంచేసుకుంటే లెక్క అక్కడే తప్పుతుంది.

దీనికి డర్హమ్‌ను మించిన ఉదాహరణ లేదు. మార్క్ వుడ్, బ్రైడన్ కార్స్, మాథ్యూ పాట్స్ ముగ్గురూ ఆ కౌంటీ వాళ్లే, ముగ్గురూ ఇంగ్లండ్‌కు టెస్టులు ఆడినవాళ్లే. కాగితం మీద చూస్తే డివిజన్ వన్‌లో భయపెట్టే దళం. వుడ్ మోకాలి శస్త్రచికిత్స వల్ల 2025లో కౌంటీకి ఒక్క మ్యాచ్ ఆడలేదు, కార్స్ వేసవిలో ఇంగ్లండ్ టెస్టుల్లో ఉన్నాడు. ఆఖరి రౌండ్‌లో ఓడి డర్హమ్ రెండో డివిజన్‌కు దిగిపోయింది. అదే ఏడాది ఓవల్‌లో డర్హమ్ మీద సర్రే 9 వికెట్లకు 820 కొట్టి డిక్లేర్ చేసింది. డామ్ సిబ్లీ ఒక్కడే 305.

ఆ 820ని బౌలర్ల చేతకానితనం కింద జమకట్టడం మాత్రం అన్యాయం. ఆ రౌండ్‌లో వాడింది కూకబురా బంతి. ఇంగ్లండ్‌లో మామూలుగా వాడే డ్యూక్స్ బంతికి ఆరు వరసల కుట్టూ చేత్తోనే వేస్తారు. కుట్టు ఎత్తుగా నిలబడి యాభై, అరవై ఓవర్ల దాకా పట్టు ఇస్తుంది, మెరుపు కూడా తొందరగా పోదు. కూకబురాకు మధ్య రెండు వరసలే చేతి కుట్టు, మిగతావి మిషన్ కుట్టు. ఇరవై ఓవర్లకల్లా కుట్టు చదునైపోతుంది. గంటకు 125 కిలోమీటర్ల వేగంతో బంతిని ఊపి వికెట్లు తీసేవాడు ఆ తరవాత బౌలింగ్ మెషిన్‌తో సమానం. 2023లో రెండు రౌండ్లు, 2024, 2025లలో నాలుగేసి రౌండ్లు దీంతో ఆడించారు. 2024 ఏప్రిల్‌లో, అదీ లార్డ్స్‌లో, గ్లామోర్గాన్ బ్యాటర్ శామ్ నార్త్‌ఈస్ట్ 335 నాటౌట్‌గా నిలిచింది ఈ బంతి మీదే. డ్యూక్స్‌తో ఏప్రిల్ లార్డ్స్‌లో ఆ స్కోరు ఊహించగలమా?

కాబట్టి ఏడుగురున్నారా అని చూస్తే చాలదు, ఏడుగురూ ఒకే రకమా అన్నదీ చూడాలి. కొత్త బంతిని ఊపేవాళ్లు ఇద్దరు, పొడుగ్గా ఉండి పిచ్‌ను గట్టిగా కొట్టి లేపేవాళ్లు ఇద్దరు, బంతి పాతబడ్డాక 140తో షార్ట్‌బాల్ వేసి ఫీల్డర్లను వెనక్కి పంపగలిగే వాడొకడు, బ్యాటింగ్ వచ్చిన సీమర్ ఒకడు, ఒక కుర్రాడు. ఇదీ నిండైన దళం. చాలా కౌంటీల్లో మొదటి రకమే నలుగురు ఉంటారు. ఏప్రిల్ పచ్చిక మీద వాళ్లు పులులు. కెంట్‌లో డారెన్ స్టీవెన్స్ నలభై దాటాక కూడా మీడియం పేస్‌తో వికెట్ల పంట పండించింది ఆ పచ్చిక మీదే. ఇలాంటి పిచ్‌లు మరీ ఎక్కువయ్యాయని 2016 నుంచి 2019 వరకు బయటి నుంచి ఆడటానికి వచ్చిన జట్టు కెప్టెన్ కోరితే టాస్ లేకుండానే ముందు బౌలింగ్ తీసుకునే వీలు కూడా కల్పించారు. జులై ఎండకు పిచ్ ఆరిపోయాక అదే నలుగురితో 20 వికెట్లు తీయడం గండమే.

లోతు ఎక్కడ బయటపడుతుందో ఒక సెషన్‌లో చూపిస్తాను. ప్రత్యర్థి స్కోరు 5 వికెట్లకు 260, ఓవర్లు 80. కొత్త బంతి చేతికి వచ్చింది. గెలుపోటములతో సంబంధం లేకుండా ఇచ్చే బోనస్ పాయింట్లు మొదటి 110 ఓవర్లలోపే. బౌలింగ్ జట్టుకు 3 వికెట్లకు ఒకటి, 6కు రెండు, 9కి మూడు. బ్యాటింగ్ జట్టుకు 250 నుంచి మొదలుపెట్టి 450 దాకా ప్రతి 50కి ఒకటి చొప్పున ఐదు. అంటే ఈ 30 ఓవర్లలో ఇద్దరు మంచి బౌలర్లు తాజాగా ఉంటే నాలుగు వికెట్లు, రెండు పాయింట్లు. ఇప్పటికే చెరో 22 ఓవర్లు వేసి ఉంటే? ముందు కాలు దిగేచోట గుంట లోతుగా తవ్వుకుపోయింది. అలసిన బౌలర్ చేయి కాస్త కిందికి జారుతుంది, బంతి లెగ్ స్టంప్ మీదికి పోతుంది. లెంగ్త్ అర మీటరు తగ్గిందో లేదో బ్యాటర్ కట్ కొట్టేస్తాడు. రెండు ఫోర్లు పోగానే కెప్టెన్ మూడో స్లిప్‌ను తీసి డీప్ పాయింట్‌కు పంపుతాడు. తరవాతి ఓవర్‌లో ఎడ్జ్ సరిగ్గా ఆ ఖాళీలోంచే బౌండరీకి పోతుంది. 110 ఓవర్లకు 6 వికెట్లకు 390. స్కోర్‌బోర్డు చూసినవాళ్లు దురదృష్టం అంటారు. ఆ 22 ఓవర్లలో ఏడెనిమిది వేరేవాడు వేయాల్సింది, ఆ వేరేవాడు జట్టులో లేడు.

పాయింట్ల పద్ధతి మారితే లోతు విలువ కూడా మారుతుంది. గెలుపుకు 16, డ్రాకు 8. ఒకటి గెలిచి ఒకటి ఓడినా 16, రెండూ డ్రా చేసుకున్నా 16. 2023లో డ్రాకు 5 మాత్రమే ఇచ్చారు, అప్పుడు రెండు డ్రాలకు వచ్చేది 10. ఆ ఏడాది గెలుపు కోసం తెగించడం లాభం. 2024లో మళ్లీ 8 చేశాక, బౌలింగ్ పలచగా ఉన్న జట్టు కూడా గట్టి బ్యాటింగ్‌తో డ్రాలు పేర్చుకుని డివిజన్‌లో నిలబడగలదు. టైటిల్ మాత్రం డ్రాలతో రాదు. ఇంకొకటి, నలుగురు పేసర్లతోనే నెట్టుకొచ్చే జట్టుకు ఓవర్ రేటు మందగించి పాయింట్లు కోత పడతాయి. చివర్లో ఒకటి రెండు పాయింట్లే తేడా అయినప్పుడు అవే గొంతు మీదికి వస్తాయి.

గాయాలు ఎప్పుడు వస్తాయో కొంతవరకు ముందే చెప్పొచ్చు. శీతాకాలమంతా ఇండోర్ నెట్స్‌లో గట్టి నేల మీద వేసిన కుర్రాడు ఏప్రిల్‌లో తడి నేల మీద ఒక్కసారిగా వారానికి 35 ఓవర్లు వేస్తే నడుము ఎముక మీద ఒత్తిడి పడుతుంది. మేలో స్ట్రెస్ ఫ్రాక్చర్ తేలిందంటే సీజన్ అయిపోయినట్టే. పక్కటెముకల దగ్గర కండరం పట్టేసే సైడ్ స్ట్రెయిన్ అయితే నెల నుంచి రెండు నెలలు. రెండో ప్రమాద ఘడియ కౌంటీల టీ20 టోర్నీ బ్లాస్ట్ తరవాత. మ్యాచ్‌కు నాలుగు ఓవర్లకు అలవాటుపడిన ఒంటిని మళ్లీ రోజుకు 18 ఓవర్లకు లాగడం. మూడోది ఆగస్టులో వంద బంతుల టోర్నీ హండ్రెడ్ ముగిసి సెప్టెంబర్‌లో చివరి రౌండ్లకు ఛాంపియన్‌షిప్ తిరిగొచ్చినప్పుడు. టైటిల్, రెలిగేషన్ (కింది డివిజన్‌కు దిగిపోవడం) రెండూ అప్పుడే తేలతాయి కాబట్టి సెప్టెంబర్‌కు ఎవరు మిగులుతారన్నది విడిగా రాసుకోవాలి.

2022లో వార్విక్‌షైర్ గట్టెక్కింది అలాగే. సెప్టెంబర్‌కు మన సిరాజ్‌ను తెచ్చుకున్నారు. ఎడ్జ్‌బాస్టన్‌లో సోమర్‌సెట్ మీద మొదటి ఇన్నింగ్స్‌లోనే ఐదు వికెట్లు తీశాడు. చివరి మ్యాచ్‌లో హాంప్‌షైర్‌ను 5 పరుగుల తేడాతో ఓడించి నిలిచారు. ఆ ఇన్నింగ్స్‌లో 62 పరుగులిచ్చి 9 వికెట్లు తీసిన లియామ్ నార్వెల్ ఆ సీజన్‌లో చాలా భాగం గాయంతో బయట కూర్చున్నవాడే. వార్విక్‌షైర్ నిలబడటంతో యార్క్‌షైర్ దిగిపోయింది. విదేశీ ఆటగాళ్లను మ్యాచ్‌కు ఇద్దరిని ఆడించొచ్చు. పేరు ఎంత పెద్దదన్నది కాదు, ఏ వారం నుంచి ఏ వారం దాకా ఉంటాడన్నది చూడండి. నాటింగ్‌హమ్‌షైర్ 2025లో ఇది చక్కగా చేసింది. మొదట్లో ఆస్ట్రేలియా నుంచి ఫెర్గస్ ఓ'నీల్, తరవాత మహ్మద్ అబ్బాస్. స్థానికంగా బ్రెట్ హట్టన్, డిలన్ పెన్నింగ్టన్, జాష్ టంగ్, ఆలీ స్టోన్, వాళ్లకు తోడు ఆల్‌రౌండర్ లిండన్ జేమ్స్. లెక్కపెట్టండి, ఏడుగురు. 2010 తరవాత మళ్లీ టైటిల్ వాళ్లది.

ఆ టైటిల్‌ను మలుపు తిప్పిన మ్యాచ్‌లో, ఓవల్‌లో నాటింగ్‌హమ్‌షైర్ సర్రేతో ఆడినదానిలో, ఇంకో పాఠం ఉంది. అంతకుముందు 2022, 2023, 2024 వరసగా గెలిచిన సర్రేకు పేసర్లకు కొదవ లేదు. బ్రిటిష్ పాస్‌పోర్టుతో స్థానికుడిగా ఆడే డాన్ వొరాల్, ఎనిమిదో నంబర్‌లో బ్యాటింగ్ కూడా చేసే జోర్డాన్ క్లార్క్, టామ్ లాస్ ఉన్నారు. అయినా సెప్టెంబర్‌లో స్పిన్ తిరిగే పిచ్ మీదికి రాహుల్ చాహర్‌ను తెచ్చుకున్నారు. అతను రెండో ఇన్నింగ్స్‌లో 51 పరుగులకు 8 వికెట్లు తీశాడు, అయినా సర్రే 20 పరుగుల తేడాతో ఓడింది. సెప్టెంబర్‌లో స్పిన్నర్‌ను లెక్కలోకి తీసుకోకపోతే పేసర్ల లెక్క కూడా తప్పుతుంది. సోమర్‌సెట్ దీన్ని ఎప్పుడో పట్టుకుంది. వాళ్ల సొంత మైదానం టాంటన్ పిచ్‌కు అక్కడివాళ్లు పెట్టుకున్న ముద్దు పేరు సైడరాబాద్. అక్కడి యాపిల్ మద్యం సైడర్‌ను మన హైదరాబాద్‌తో కలిపేశారు.

టేబుల్ వేసేముందు షెడ్యూల్ కూడా తెరవండి. రెండో డివిజన్‌లో ఎనిమిది జట్లు, అందరూ అందరితో రెండేసి సార్లు ఆడతారు. మొదటి డివిజన్‌లో పది జట్లు కాబట్టి ఐదింటితో రెండుసార్లు, నాలుగింటితో ఒక్కసారే. బలమైన బౌలింగ్ జట్లతో రెండుసార్లు పడ్డవాడి పని వేరు.

2026కి నా అంచనా. మొదటి రెండు స్థానాలు సర్రే, నాటింగ్‌హమ్‌షైర్‌లవే, ఏది ముందన్నది టంగ్, గస్ అట్కిన్సన్‌లను ఇంగ్లండ్ ఎన్ని వారాలు లాక్కుంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక్క పేరే చెప్పమంటే సర్రే. మూడోది సోమర్‌సెట్. ఎసెక్స్ జేమీ పోర్టర్, శామ్ కుక్, సైమన్ హార్మర్‌ల మీద ఇన్నేళ్లుగా అతిగా వాలింది. ముగ్గురూ ఆడిన వారం ఎవరినైనా కొడతారు, ఒకరు తప్పుకున్న వారం మామూలు జట్టు, కాబట్టి మధ్యలో. కింద గ్లామోర్గాన్ మీద నాకు బెంగ. 2005 తరవాత మొదటిసారి మొదటి డివిజన్‌కు వచ్చింది, అక్కడ ఐదో పేసర్‌ను కూడా బ్యాటర్లు వదలరు. 2003 తరవాత తిరిగొచ్చిన లెస్టర్‌షైర్ చివరిదాకా ఊపిరి బిగబట్టే ఆడాలి, అయినా నిలుస్తుందనే అనుకుంటున్నాను. దిగే రెండో జట్టు హాంప్‌షైర్. 2025లో పిచ్ బాగాలేదని 8 పాయింట్లు కోల్పోయి అంచు దాకా వచ్చి ఆగింది. రెండో డివిజన్ నుంచి పైకి వచ్చేది డర్హమ్. బెన్ రైన్ పది మ్యాచ్‌లు ఆడి, పాట్స్ ఏడు ఆడితే అక్కడ వాళ్లను ఆపేవాళ్లు తక్కువ. రెండో స్థానానికి లాంకషైర్ పేరు రాసి, పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టాను.