జేజి, జియెజియె

ఆదివారం, కడప.

పొద్దున కారం దోశలు తిన్నాక పాపను చైనీస్ కాపీ పుస్తకం ముందు కూర్చోబెట్టాను. ఈ రోజు అక్షరం 'హావ్'. మంచి అని అర్థం. ఎడమ పక్క ఆడమనిషి, కుడి పక్క బిడ్డ, మొత్తం ఆరు గీతలు. ఏ గీత ముందో ఏది వెనకో దానికీ ఒక వరస ఉంది. పదిసార్లు రాయమంటే మూడోసారికే పెన్సిల్ విసిరేసింది. నేను అరిచాను, అది ఏడ్చింది. 'మంచి' అక్కడితో ఆగిపోయింది.

మేము చైనాలోని షెన్‌జెన్ నుంచి వచ్చేసి రెండేళ్ళు. అక్కడ కిండర్‌గార్టెన్‌లో ఉన్నప్పుడు నాకంటే అదే బాగా మాట్లాడేది. 'మా' అన్న ఒక్క మాటే నాలుగు రాగాల్లో అమ్మ, జనపనార, గుర్రం, తిట్టు అవుతుంది. నేను ఎట్లా పలికినా గుర్రమే వచ్చేది. ఇప్పుడు దాని నోట్లోనూ రాగాలు చెదురుతున్నాయని నా టెన్షన్. మా ఆయన ఉద్యోగం ఇప్పుడు కడప పక్కనే కొప్పర్తిలో. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. "ఇన్ని భాషలైతే పిల్ల తికమకపడదా?" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతారు. ఎదురింటి పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. వాళ్ళమ్మను ఈ మాట అడిగినవాళ్ళను నేను చూడలేదు.

సాయంత్రం ఐదుకు షెన్‌జెన్‌కు వీడియో కాల్. వాళ్ళకప్పుడు ఏడున్నర. మా పాత పక్కింటి అమ్మాయి కనబడగానే "జియెజియే!" అని పాప ఒక్క కేక పెట్టింది. వంటింట్లోంచి మా అత్త కొంగుకు చేతులు తుడుచుకుంటా వచ్చింది.

"ఏం పాపా, పిల్చినావా?"

"నిన్ను కాదు జేజీ, అక్కను."

"అక్కను జేజి అంటారా ఆడ? మరి జేజినేమంటారు?"

"నైనై. అమ్మ వాళ్ళమ్మయితే వైఫో."

అత్తకు తెగ సంతోషం. "మన లెక్కనే! జేజి వేరే, అవ్వ వేరే. ఇంగ్లీషోళ్ళకే గదా ఇద్దరూ ఒకటే."

పాప ఆ అక్కతో అరగంట మాట్లాడింది. పొద్దున నేనడిగితే మరిచిపోయినా అన్న మాటలు కూడా తడుముకోకుండా వచ్చేశాయి. సంతోషమే గానీ, నా దగ్గర ఎందుకు రావో అని కొంచెం ఉడుకుమోత్తనం కూడా. కాపీ పుస్తకం కొన్నాళ్ళు అటక మీద పెడతాను. వారానికి ఒక కాల్ చాలదు, రెండు చేయాలి.

తర్వాత జేజికి ఒంటిచేత్తో పదిదాకా లెక్కపెట్టడం నేర్పింది. అత్తది వేళ్ళ కణుపుల లెక్క. చైనా లెక్కలో ఆరంటే బొటనవేలు, చిటికెనవేలు చాచి మిగతా మూడూ మడవాలి. ఆ ఆరు ఆమెకు భలే నచ్చింది. గుడ్ల కోసం అంగడికి పోయి, నోరు మెదపకుండా చెయ్యెత్తి ఆరు చూపించిందంట.

"ఎవరికి ఫోన్ చేయాల్నవ్వా?" అని అంగడి పిల్లోడు తన సెల్లు తీసి చేతిలో పెట్టినాడంట.