కుట్టు లోపలి బట్ట

ఆదివారం, మాఘమాసం, హనుమకొండ

రాత్రి పరకాలలో మేనత్త మనవడి పెళ్లి ఉన్నందున, పొద్దున్నే బాపును వెంటబెట్టుకుని మట్టెవాడలోని దర్జీ దుకాణానికి వెళ్లవలసి వచ్చింది. చేతిసంచిలో రెండు ప్యాంట్లు ఉన్నాయి. ఒకటి పోయిన వారం నేను కొనితెచ్చిన రెడీమేడ్ ప్యాంటు, రెండవది 1976లో బాపు తన పెళ్లికి కుట్టించుకున్న కాఫీరంగు టెరికాటన్ ప్యాంటు. కొత్తదాన్ని కొంచెం పొడుగు చేయించాలన్నది నా ఉద్దేశం, పాతదాన్ని నడుము దగ్గర బిగించుకోవాలన్నది ఆయన ఉద్దేశం. ఇద్దరమూ ఒకే ఆటోలో పక్కపక్కన కూర్చుని, ఆ ముచ్చట ఎత్తకుండా వెళ్లాము.

కొత్త ప్యాంటు గురించి ఆయన నిన్ననే తీర్పు చెప్పేశారు. తొడుక్కుని అద్దం ముందు నిలబడి, చీలమండలు కనబడుతున్న తీరు చూసుకుని, "ఇదేంది బిడ్డా, వాగుల దిగెటోడు మలుచుకున్నట్టున్నది" అన్నారు. ఇప్పటి ఫ్యాషనే అంత అని నేను చెప్పబోతే, అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

1934లో నిజాం హయాంలో వెలసిన ఆజంజాహి మిల్లులో, నూలు వడికే చోట బాపు ఉద్యోగం చేశారు. ఎనిమిది గంటలు దూది పీల్చి, తలమీద కనుబొమ్మలమీద తెల్లటి నూగుతో ఇంటికి వచ్చిన మనిషి, తన పెళ్లికి మాత్రం మిల్లు బట్ట వద్దని టెరికాటన్ కొనుక్కున్నారట. మడత నలగదు, ఉతికి ఆరేస్తే పూట గడవకముందే ఆరుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా అది తొడుక్కున్నవాడికి నెలజీతం వస్తుందని దూరం నుంచే తెలుస్తుంది. మిల్లు ఏనాడో మూతపడింది. అక్కడి నూలుతో నేసిన ధోవతి ఒక్కటి కూడా మా ఇంట్లో మిగలలేదు, ఈ ప్యాంటు మాత్రం మిగిలింది.

అలా మిగలడంలో ఆయన ప్రేమకు ఎంత వాటా ఉందో, ఆ బట్ట మొండితనానికీ అంత వాటా ఉంది. టెరికాటన్‌లో సాధారణంగా 67 పాళ్లు పాలిస్టర్, 33 పాళ్లు పత్తి ఉంటాయి. పాలిస్టర్ పోగు నీటిని పెద్దగా పీల్చుకోదు, చెమటకు చివకదు, గంజి రుచి మరిగిన వెండిపురుగుకు అందులో తినడానికి ఏమీ దొరకదు. నూలుబట్ట అలా కాదు. అమ్మ పెళ్లినాటి నూలుచీరలన్నీ మెత్తబడి, మడతల దగ్గర చిరిగి, ఒకదాని మీద ఒకటి పరుచుకుని బొంతలైపోయాయి. నా చిన్నతనమంతా నేను పడుకున్నది అమ్మ పడుచుదనపు చీరల మీదే అన్నమాట. కాస్త గట్టిగా ఉన్నవి పాతబట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె గంపలోకి వెళ్లాయి. బాపు ప్యాంటు కూడా రెండుసార్లు ఆ గంప అంచుదాకా వెళ్లి వచ్చిందని, ఆ తరువాత ఆయన దాన్ని తన సందుకలో వేపాకు మధ్య పెట్టి తాళం వేసుకున్నారని అమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. (రెండోసారి బేరానికి వచ్చిన స్టీలు టిఫిన్‌డబ్బా మంచిదట. ఆ బాధ ఆమెకు ఇంకా ఉంది.)

వరంగల్ చౌరస్తా దగ్గర ఆటో ఆగినప్పుడు ఒక లంబాడ ముసలమ్మ రోడ్డు దాటుతూ కనబడింది. ఆమె అద్దాలు కుట్టిన పేటియా అనే లంగా, కాంచళి అనే రవికతో, మోచేతుల పైదాకా తెల్లగాజులతో ఉంటే, చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న కూతురు జార్జెట్ చీరలో, వెనుక వస్తున్న మనవరాలు జీన్స్‌లో ఉన్నారు. మా ఆటో డ్రైవరు "పాతకాలం డ్రెస్సు" అన్నాడు. అది ఆమెకు పాతకాలం ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు. ఆమె ఈ పొద్దున లేచి, స్నానం చేసి కట్టుకున్న బట్టలే కదా అవి. బాపు ప్యాంటును నేనూ "ఆ పాతది" అనే ఇన్నాళ్లూ అంటున్నానన్న సంగతి గుర్తుకు వచ్చి డ్రైవరుతో ఏమీ అనలేకపోయాను.

దర్జీ అరవై దాటిన మనిషి. ముందు కొత్త ప్యాంటు కాలు తిరగేసి చూసి, అంచు కింద మడిచిన బట్ట అర అంగుళం కూడా లేదని, పొడుగు చేయడం తన వల్ల కాదని తిరిగి నా చేతిలో పెట్టేశాడు. తరువాత పాత ప్యాంటును బల్ల మీద పరిచి, నడుము వెనుక కుట్టును బొటనవేళ్లతో విప్పార్చి, కళ్లద్దాలు పైకి తోసుకుని చాలాసేపు చూశాడు. నన్ను కూడా చూడమన్నాడు.

నడిమి కుట్టుకు అటూ ఇటూ బాగా వెడల్పుగా బట్ట వదిలి ఉంది. ఆ బట్ట మీద పాత కుట్లు విప్పిన సూది రంధ్రాలు, పొలంలో చాళ్ల మాదిరిగా, మూడు వరుసలుగా కనబడుతున్నాయి. అన్నిటికంటే లోపలిది పెళ్లినాటి కుట్టు. దాని తరువాతిది, బాపు లెక్క ప్రకారం, నేను పుట్టాక వేయించినది. ఆ మూడవ వరుస నైట్ షిఫ్టులు పోయి ఒళ్లు చేసిన కాలానిది. బయటి బట్ట వెలిసి మట్టిరంగుకు తిరిగినా, కుట్టు లోపల ఉండిపోయిన పట్టీ మాత్రం ఇప్పుడే తాను నుంచి కోసినట్టు ముదురు కాఫీరంగులో ఉంది. పెళ్లి ఫోటో నలుపు తెలుపులది కావడం వల్ల, ఆ రంగు అసలు ఎలా ఉండేదో నేను చూడడం ఇదే మొదటిసారి.

ఆ ప్యాంటు కుట్టిన దర్జీ ఇప్పుడు లేడు. ఇరవై ఏడేళ్ల సన్నటి పిల్లవాడికి కొలత తీసుకుంటూనే, వీడు ఇలాగే ఉండిపోడని ఎరిగి అంత బట్ట లోపల దాచిపెట్టాడు. అప్పట్లో దర్జీలందరూ అంతేనని, బట్ట కొన్నవాడి సొత్తు కాబట్టి కత్తిరించి పారేసే హక్కు తమకు లేదనుకునేవారని ఈ దర్జీ చెప్పాడు. మొదట్లో బెల్‌బాటం అయిన ఆ కాళ్లను తరువాత ఎప్పుడో సన్నం చేసినా, అక్కడ కూడా మిగిలిన బట్టను కోయకుండా లోపలికే మడిచి కుట్టారు.

76 ఏళ్ల బాపు ఇప్పుడు మళ్లీ సన్నబడ్డారు. టేపు పెట్టి చూస్తే నడుము దాదాపు మొదటి వరుస దగ్గరికే వచ్చింది. ఆ మాట దర్జీ సంతోషంగానే అన్నాడు గాని నాకు గుండె కలుక్కుమంది. పోయిన ఏడాది ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ఎంత తగ్గిపోయారో మందుల చీటీలలో రాసిన బరువు అంకెలు చూసి కూడా నాకు ఇంతగా తెలియలేదు.

అంత బట్ట లోపల ఉంటే కూర్చున్నప్పుడు ఒత్తుకుంటుంది, కత్తిరించేయనా అని దర్జీ అడిగాడు. నేను సరేననేలోపే బాపు చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దు భాయ్, కొయ్యకు. మల్ల ఒళ్లు జేస్తె ఏడికెల్లి తేవాలె?"

దర్జీ నావైపు చూశాడు. నేను తల ఊపాను. అరగంటలో కుట్టిచ్చి అరవై రూపాయలు తీసుకున్నాడు.

రాత్రి పెళ్లిలో ఆ ప్యాంటును ఎవరూ గమనించలేదు, ఒక్క మిల్లు స్నేహితుడు తప్ప. ఆయన కూడా భుజాల దాకా పరుచుకున్న కాలరున్న చొక్కాతోనే వచ్చారు కాబట్టి, ఇద్దరూ ఒకరి బట్టను ఒకరు రెండువేళ్ల మధ్య నలిపి చూసుకుని పక్కపక్కనే బంతిలో కూర్చున్నారు. బాపు చాలా నెలల తరువాత బగారన్నం రెండోసారి పెట్టించుకున్నారు. తిరుగు ప్రయాణంలో, ములుగు రోడ్డు దాటుతుండగా, చీకట్లో బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకున్న చప్పుడు వినిపించింది.

"నేను జెప్పలే?" అన్నారు.