ఐదొందలకు విండోస్

"అన్నా, విండోస్ నేనే ఏసిస్త, ఐదొందలియ్యి సాలు."

నేను అడగలేదు. పాత హార్డ్‌డిస్క్ తగిలించడానికి సాటా కేబుల్ ఒక్కటి అడిగాను, అంతే. కంప్యూటర్ షాపాయన అన్న ఆ మాట పొద్దటి నుంచి పంటికింద రాయిలా తగులుతూనే ఉంది.

విడిభాగాలు కొని నేనే ఇంట్లో బిగించిన కొత్త కంప్యూటర్ లేచింది, ముందు అది చెప్పాలి కదా. ఫ్యాన్ తిరిగింది, మొదట వచ్చే సెట్టింగుల తెర బయోస్ వచ్చింది, రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ అన్నీ సరిగ్గా చూపించింది. పవర్ స్విచ్ తీగలు పెట్టాల్సిన పిన్నులు మదర్‌బోర్డు మూలన, చీమ కళ్ళంత ఉన్నాయి. మా చిన్నోడు టార్చ్ పట్టుకున్నాడు, కదలకుండా. సంతోషమే.

మళ్ళీ షాపాయన దగ్గరికి వస్తా. ఆయన వేస్తానన్నది విండోస్ 10. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కదా అంటే "నడుస్తదన్నా, ఏం గాదు" అన్నాడు. యాక్టివేషన్‌కు ఏదో చిన్న ప్రోగ్రామ్ నడుపుతాడట, దానికి ముందు యాంటీవైరస్ ఆపేయాలట. దొంగ సరుకు సంగతి పక్కన పెట్టండి. కరెంటు బిల్లు నుంచి చిన్నోడి ఫీజు దాకా కట్టేది ఈ కంప్యూటర్ మీదే. ఆయన పెన్‌డ్రైవ్‌లో ఇంకేమేం ఉన్నాయో ఆయనకైనా తెలుసా? లోపల కరెంటు ఇచ్చే ఎస్‌ఎంపీఎస్‌కు కూడా బిల్లు, వారంటీ అడిగి తీసుకున్న మనిషిని నేను. అన్నీ ఏరికోరి కొని, లోపల నడిచేది మాత్రం ఎవరి దగ్గరిదో ఎక్కించుకోవాలా?

పైగా విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ వేసుకుంటానంటే నవ్వాడు. "గదెందుకన్నా, మల్ల నా దగ్గరికే వస్తవ్" అని. అసలు ఒళ్ళు మండింది అక్కడ.

ఆ నవ్వు నాకు కొత్త కాదు. 2008లో, కాజీపేట రైల్వే క్వార్టర్లో ఉన్నప్పుడు ఉబుంటు అనే లైనక్స్ సీడీ తెప్పించాను. దాన్ని తయారుచేసే కానానికల్ కంపెనీ అప్పట్లో అడిగినవాళ్లకు పోస్టు ఖర్చు కూడా తీసుకోకుండా సీడీలు పంపేది. 2011లో ఆపేశారు. ఆ కవరు తెచ్చిన పోస్ట్‌మ్యాన్ గేటు దగ్గరే నిలబడి "ఫారిన్‌కెల్లి వచ్చింది, పిలగాడు పోతున్నడా?" అని బాపును అడిగాడు. సాయంత్రానికి క్వార్టర్లంతా నాకు వీసా వచ్చింది. పక్కింటి అత్తమ్మ మిఠాయేదని వచ్చేసింది. నేను అప్పుడు బీటెక్ సెకండియర్, రెండు బ్యాక్‌లాగులు. బాపు కవరు అటూ ఇటూ తిప్పి, లోపల ఒక్క సీడీ తప్ప ఏం లేదని తేల్చుకుని, "పుక్కట్ల ఎందుకిస్తరు వీళ్లు?" అన్నాడు. చిట్టీలో దెబ్బతిన్న మనిషి. ఊరికే వచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందని ఆయన లెక్క. కోడ్ ఎవరైనా చూసి మార్చుకునేలా ఇచ్చే ఓపెన్ సోర్స్ అంటే ఏంటో నేను అరగంట చెప్పాను. అంతా విని "గట్లయితే ఆళ్ళకు జీతాలెవలిస్తరు?" అన్నాడు. మంచి ప్రశ్నే అది. ఇప్పటికీ బాపుకు ఒప్పించేలా చెప్పలేను.

ఆ సీడీ పెడితే హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండానే డెస్క్‌టాప్ మొత్తం వచ్చింది. గొప్పగా ఉండింది. మోడెమ్ మాత్రం పలకలేదు. దాన్ని పలికించే డ్రైవర్ ప్రోగ్రామ్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. సైకిలేసుకుని హనుమకొండ చౌరస్తా నెట్ సెంటర్‌కు పోవడం, ఫైలు తేవడం, ఇది కాదు ఇంకోటి కావాలని అది చెప్పడం, మళ్ళీ సైకిల్.

ఇప్పుడా గోల లేదు. రైజెన్‌లో ఉన్న గ్రాఫిక్స్‌కు డ్రైవర్ లైనక్స్ గుండెకాయైన కెర్నెల్‌తోనే వస్తుంది. అందుకే లైనక్స్‌లో ఒక రకమైన లైనక్స్ మింట్ అని ఖాయం చేసుకున్నా. మింట్ 22 ఉబుంటు 24.04 మీద కట్టింది, 2029 దాకా అప్‌డేట్లు ఉంటాయి. దాని సినమన్ అనే డెస్క్‌టాప్‌లో మెనూ కింద ఎడమ మూలనే ఉంటుంది, విండోస్ 7 అలవాటైనవాళ్లు తడుముకోరు. తెలుగుకు పోతన, వేమన ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. రాజుకు అంకితమివ్వనన్న మన బమ్మెర పోతన పేరు అలాంటి ఫాంటుకు పెట్టారంటే ముచ్చటేస్తుంది.

ఇంతదాకా టైప్ చేసి, పక్క గదిలో శుభలేఖలు టైప్ చేస్తున్న మా ఆవిడ కీబోర్డు టకటక విని ఆగిపోయాను.

తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్. శుభలేఖలు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ ఎనిమిది తేలేదు. అయినా ఆవిడ ఫైళ్లు తీసుకునే ప్రెస్సువాళ్లకు అదే కావాలి. అను యూనికోడ్ కాదు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి కాదు. ఆ మ్యాటర్ తెచ్చి లైనక్స్‌లో ఉండే లిబ్రెఆఫీస్‌లో పెడితే చి.ల.సౌ. తర్వాత పెళ్ళికూతురి పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, నెత్తిన చుక్కలు, కొక్కేలు. విండోస్ ప్రోగ్రామ్‌లను లైనక్స్‌లో నడిపే వైన్‌లో ప్రయత్నించొచ్చు నిజమే. కానీ లగ్గం కార్డు పొద్దున కల్లా కావాలని గిరాకీ కూర్చుంటే, ఆవిడ పని మీద నేను ప్రయోగాలు చేస్తానా?

అయితే విండోస్ 11 కొనుక్కోవాలి, ఇంకేం చేస్తాం. అది అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ప్రాసెసర్‌లోనే ఉంది, బయోస్‌లో ఆన్ చేస్తే చాలు. లైసెన్స్ ధర మాత్రం నేను ఎస్‌ఎస్‌డీకి పెట్టిన డబ్బుల కంటే ఎక్కువుంది. హోమ్ ఎడిషన్ సెటప్‌లోనే నెట్ అడుగుతుంది, మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. స్క్రూలు బిగించింది నేనైతే లోపలికి పోవడానికి వాళ్ల లాగిన్ ఏంది? ఐదొందల షాపాయన మీద కోపం కాసేపు ఇటు తిరిగింది.

చిన్నోడి లెక్క వేరు. వాడికి వాలరెంట్ అనే ఆట కావాలి. ఆటలో మోసాలు పట్టే దాని యాంటీచీట్ విండోస్ కెర్నెల్‌లో కూర్చుంటుంది కాబట్టి లైనక్స్‌లో ఆ ఆట రాదు. వాడికి ఈ సంగతి నాకంటే ముందే తెలుసు. టార్చ్ అంత బుద్ధిగా ఎందుకు పట్టుకున్నాడో ఇప్పుడు అర్థమవుతోంది.

చివరికి లేచి పోయి ఆవిడనే అడిగాను, కొత్తదాంట్లో నీకు ఏది కావాలని. తల తిప్పకుండానే "నాకేదొద్దు. నా పాతదాన్ని ముట్టకు, అంతే" అంది. పాత డబ్బాలో విండోస్ 7 ఉంది, దానికి నెట్ కూడా లేదు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో పోతాయి. నేను గంటసేపు ఎవరి కోసం బాధపడ్డాను మరి?

సరే, మింటే. దాని ఇన్‌స్టాల్ ఫైలు ఐఎస్‌ఓ దిగుతోంది. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి "ఆ పెద్ద మానిటర్ మాత్రం నాకు పెట్టు, కళ్ళు గుంజుతున్నయ్" అంది. పాత డబ్బాకు మానిటర్ తగిలించే పాతరకం సాకెట్ వీజీఏ ఒక్కటే ఉంది, కొత్త మానిటర్‌కు అదే లేదు. ఈ మాట ఇప్పుడు చెప్పలేదు. పొద్దున టిఫిన్ అయ్యాక చెప్తా.