మూడు ఘన్‌పూర్‌లు, ఒక ఇంటర్న్‌షిప్

కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ సోషియాలజీ చదువుతూ కంప్యూటేషనల్ సోషల్ సైన్స్ (కంప్యూటర్‌తో డేటా విశ్లేషించి సమాజాన్ని అధ్యయనం చేయడం) ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేస్తానంటే, అది బీటెక్ వాళ్లకే కదా అన్నారు చాలామంది. హైదరాబాద్‌లోని ఒక యూనివర్సిటీ పరిశోధన కేంద్రం పిలిచిన వేసవి అవకాశం అది. నోటిఫికేషన్‌లో మాత్రం ఏ సబ్జెక్టు వాళ్లయినా పెట్టుకోవచ్చని స్పష్టంగా ఉంది.

రెజ్యూమె, మా సార్ సిఫారసు లేఖ తొందరగానే అయిపోయాయి. ఎందుకు చేరాలనుకుంటున్నామో రాసే ఎస్‌ఓపీకే ఎక్కువ టైం పట్టింది. సమాజసేవ, ఆశయాలు అన్నీ తీసేసి ఒకే ప్రశ్న రాశాను: పత్తి ఏరే నెలల్లో మా మండలంలో ఉపాధి హామీ పనికి ఎంతమంది వస్తున్నారు? మస్టర్ రోల్స్, అంటే కూలీల హాజరు పట్టికలు, ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తాయి కాబట్టి లెక్క తీయొచ్చు.

అసలైన పరీక్ష ఆ తర్వాతే ఎదురైంది. 2011 జనాభా లెక్కల మండలాలను ఇప్పటి జిల్లాలకు సరిపోల్చాలి. అప్పుడు వరంగల్ ఒకటే జిల్లా. 2016 అక్టోబర్‌లో అది ముక్కలైంది. చేర్యాల, మద్దూరు సిద్దిపేటలో కలిశాయి. 2019లో ములుగు విడిగా జిల్లా అయింది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, రూరల్ వరంగల్‌గా మారాయి. అంటే ఫైల్లో ‘వరంగల్’ అని ఉంటే ఏ సంవత్సరం వరంగలో చూడాల్సిందే.

నాకు పైథాన్ ప్రోగ్రామింగ్ కొద్దిగానే వచ్చు. సొంత లాప్‌టాప్ లేదు, డిపార్ట్‌మెంట్ కంప్యూటర్‌లో బ్రౌజర్‌లోనే కోడ్ రాసుకునే గూగుల్ కోలాబ్ తెరిచి చేశాను, అది ఉచితం. పేర్లు కలిపే కోడ్ స్టేషన్ ఘన్‌పూర్‌ను, లింగాల ఘన్‌పూర్‌ను, ములుగు పక్కనున్న ఘన్‌పూర్‌ను ఒకటే అనుకుంది. మొదటి రెండూ ఇప్పుడు జనగామలో, మూడోది భూపాలపల్లిలో ఉన్నాయి. కాజీపేట నుంచి రైలెక్కే మా ఊళ్లోవాళ్లకు చెప్పక్కర్లేని తేడా ఇది! ఆ మూడింటినీ చేత్తో సరిచేసి, ఎందుకు సరిచేశానో పక్క కాలమ్‌లో రాసిపెట్టాను.

ఇంటర్వ్యూలో మేడమ్ ఎక్కువసేపు ఆ కాలమ్ గురించే అడిగారు. కోడ్ గురించి రెండు ప్రశ్నలు, అంతే. సెలెక్ట్ అయ్యాను.

వచ్చే ఏడాది పెట్టుకునేవాళ్లు స్టైపెండ్ ఎంత, ఎప్పుడు వేస్తారు, హాస్టల్ ఇస్తారా అని ముందే మెయిల్‌లో అడగండి, మొహమాటపడొద్దు. హైదరాబాద్‌లో రూమ్ అద్దె మన ఇళ్లకు చిన్న సంగతి కాదు. పైథాన్ మొదలుపెట్టాలనుకుంటే నా మండలాల ఫైల్ ఇస్తాను, దాంతోనే ప్రాక్టీస్ చేయండి.