నల్లబడే స్క్రీన్, చావని హార్డ్ డిస్క్

నిన్న రాత్రి నాలుగు గంటలు గేమ్ ఆడాను. స్క్రీన్ ఒక్కసారి కూడా పోలేదు. ఈ మాట రాయడానికి మూడు వారాలు పట్టింది. కోపం చల్లారకముందే మొత్తం చెప్పేస్తాను.

గేమ్ మొదలైన పది పదిహేను నిమిషాలకు స్క్రీన్ నల్లగా అయిపోయేది. హెడ్‌ఫోన్స్‌లో తుపాకుల మోత మాత్రం ఆగదు. అదే క్షణంలో గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు ఫుల్ స్పీడు అందుకుని గోల పెట్టేవి. రీసెట్ నొక్కడం తప్ప దారి లేదు. ఇది చాలదన్నట్టు రెండో వారంలో డి డ్రైవ్ మాయమవడం మొదలైంది. కాసేపు ఉంటుంది, కాసేపు ఉండదు. పదేళ్ల ఫొటోలున్న 2 టీబీ హార్డ్ డిస్క్ అది. స్క్రీన్ సంగతి అటుంచి, అసలు టెన్షన్ అక్కడ పట్టుకుంది.

అందరూ చెప్పేవన్నీ చేశాను. మానిటర్ కేబుల్ మార్చాను. సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే టూల్‌తో గ్రాఫిక్స్ కార్డు పాత డ్రైవర్ తుడిచేసి కొత్తది వేశాను. ర్యామ్‌ని అదనపు వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ తీసేశాను. కార్డు వేడి 72 డిగ్రీలు దాటలేదు. ఏదీ లాభం లేదు.

విండోస్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్-పవర్ 41 అని వరసగా ఎర్ర గుర్తులు. ఇంకేముంది, పవర్ సప్లై పోయిందని రెండు రోజులు దాని చుట్టూ తిరిగాను. తీరా చదివితే, 41 అంటే కంప్యూటర్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. నేను రీసెట్ నొక్కిన ప్రతిసారీ అదే నమోదవుతోంది. నా వేలిముద్రలు నేనే చూసుకుని దొంగ దొరికాడనుకున్నానన్నమాట.

ఇక రిపేర్ షాపు. ఇది మర్చిపోలేను.

కౌంటర్ దగ్గర నాకంటే ముందు ముగ్గురున్నారు. నా వంతు వచ్చాక షాపాయన సిస్టం ఆన్ చేసి, డి డ్రైవ్ మీద క్లిక్ చేసి, అది తెరుచుకోవడం ఆలస్యమయ్యేసరికి తేల్చేశాడు.

"హార్డ్ డిస్క్ పోయింది సార్. అది ఆగినప్పుడల్లా స్క్రీన్ ఆగుతోంది. కొత్త ఎస్‌ఎస్‌డీ డిస్క్ వేసేద్దాం."

"విండోస్, గేములు వేరే ఎస్‌ఎస్‌డీలోనే ఉన్నాయండీ. ఇందులో ఫొటోలే. ఫొటోల డిస్క్ పోతే కార్డు ఫ్యాన్లు ఎందుకు అరుస్తాయి?"

జవాబు లేదు. కేబినెట్ పక్క తలుపు తీసి టార్చి వేసి, అందరికీ వినిపించేలా అడిగాడు. "ఈ కార్డు ఎవరు బిగించారు సార్?"

"నేనే."

"వీడియోలు చూసా?"

వెనక నిలబడ్డ పిల్లాడు కిసుక్కున నవ్వాడు. పదిహేనేళ్లుంటాయేమో. నా చెవులు వేడెక్కాయి. ఆఫీసులో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ముందు పిలిచేది నన్ను! అంతలో ఆయన డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ కమాండ్‌కి స్లాష్ ఆర్ తగిలించి టైపు చేస్తున్నాడు. ఎంటర్ నొక్కకుండా ఆపాను. అది డిస్క్ మొత్తాన్ని చదువుతుంది. నిజంగా కొన ఊపిరితో ఉన్న డిస్క్ అయితే ఆ శ్రమకే పోవచ్చు. ముందు బ్యాకప్, ఆ తర్వాతే ఏదైనా. ఎవరైనా మిమ్మల్ని అడక్కుండా ఆ కమాండ్ కొడుతుంటే చెయ్యి పట్టుకుని ఆపండి, మొహమాటపడొద్దు.

"అన్నీ మీకే తెలిస్తే ఇక్కడికెందుకు వచ్చారు?" అన్నాడు.

ఏం చెప్పాలో తోచక, కేబినెట్ చంకనేసుకుని బయటపడ్డాను.

ఇంటికొచ్చి ఫొటోలన్నీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేశాను. మధ్యలో రెండుసార్లు ఆగింది. తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచాను. నిజానికి మొదటి రోజే చూడాల్సింది ఇది. 05, సీ5, సీ6 అనే మూడు వరసల్లోనూ సున్నాలే. డిస్క్ పళ్లేల మీద సెక్టార్లు, అంటే డేటా దాచే గదులు, పాడైతే ముందుగా అక్కడ అంకెలు లేస్తాయి. సీ7 దగ్గర మాత్రం 1ఏ4 అని ఉంది. హెక్సాడెసిమల్‌లో, అంటే పదహార్ల లెక్కలో, చూపిస్తుంది కాబట్టి మన లెక్కలో 420. సీ7 అంటే డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిపోయిన లెక్క. ఎక్కువసార్లు దానికి కారణం కేబులే.

తలుపు తీసి చూశాను. నేను ముచ్చటపడి కొన్న కార్డు పొడవు ఎక్కువ. దాని చివర సరిగ్గా హార్డ్ డిస్క్ డేటా కేబుల్ తగిలించే సాటా ప్లగ్గు మీద కూర్చుంది. ప్లగ్గు ఒక పక్కకి ఒరిగి సగం బయటికొచ్చి ఉంది. కొత్త కేబుల్ వేసి, కార్డు కిందికి రాని పోర్టుకి మార్చాను. డిస్క్ గొడవ ఆ రాత్రికే తీరింది.

స్క్రీన్ మాత్రం మళ్లీ పోయింది! రెండూ ఒకే జబ్బని ఇన్నాళ్లూ అనుకోవడమే నా పొరపాటు.

అప్పుడు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేశాను. ఆఫ్టర్‌బర్నర్ అనే టూల్‌లో కార్డు పవర్ లిమిట్, అంటే అది లాగే కరెంటు హద్దు, 70 శాతానికి దించాను. రెండు గంటలు ఆడినా ఏమీ కాలేదు. 100కి పెంచితే పన్నెండో నిమిషంలో చీకటి. అంటే కార్డుకి కరెంటు చాలినంత అందడం లేదు. చూస్తే కార్డు కరెంటు తీసుకునే రెండు 8 పిన్ సాకెట్లకీ ఒకే కేబుల్ తాలూకు రెండు తలలు తగిలించి ఉన్నాయి. ఒక్కో 8 పిన్ సాకెట్ 150 వాట్ల లెక్క, మదర్‌బోర్డు మీద కార్డు కూర్చునే స్లాట్ నుంచి వచ్చేది 75. 300 వాట్లు దాటే కార్డు ఒక్క ఉదుటున లాగినప్పుడు ఆ భారమంతా పవర్ సప్లై దగ్గర ఒకే ప్లగ్గు మీద, ఒకే వైరు మీద పడుతోంది.

రెండో కేబుల్ పవర్ సప్లై డబ్బాలోని సంచిలోనే ఉంది. చుట్టి కట్టిన తీగ కూడా విప్పలేదు. దాన్ని విప్పి రెండో సాకెట్‌కి తగిలిస్తుంటే "ఈ కార్డు ఎవరు బిగించారు సార్?" అన్న గొంతే చెవిలో. ఆయన చెప్పినవన్నీ తప్పే గానీ ఆ ఒక్క ప్రశ్న కరెక్టు. వెళ్లి చెప్పే ఉద్దేశం మాత్రం నాకు లేదు.

ఒక మాట. కేబుల్ దొరక్కపోతే ఇంకో పవర్ సప్లైదేదో పెట్టకండి. ప్లగ్గు పట్టినంత మాత్రాన లోపల వైర్ల వరస ఒకటే కానక్కర్లేదు, బాగున్న డిస్క్ కూడా కాలిపోవచ్చు.

సీ7 అంకె ఎన్నటికీ తగ్గదు. పెరుగుతోందా లేదా అన్నదే చూసుకోవాలి. రోజూ పళ్లు తోముకుంటూ చూస్తున్నాను. ఈ ఉదయం కూడా 1ఏ4.